స్వాతి వాన, రోహిణి దోసకాయ

తోటకి, చేనుకి, ఇంటికి నీళ్ల గురించి పాఠకులు రాసిన ఈ ఉత్తరాలన్నీ మే నెలలో వచ్చినవి. వినాయక చవితి కూడా వెళ్లిపోయాక ఇప్పుడు జవాబులేమిటని మీరు విసుక్కుంటారని తెలుసు. కావాలనే ఆపాను. మే నెలలో నేనేం చెప్పినా బిందెలు మోయడం తప్ప మీరు చేయగలిగేది లేదు. మన నెల్లూరు, ప్రకాశం వైపు వానల లెక్కే వేరు. పైవాళ్లకి జూన్ నుంచి వానాకాలం. మనకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాల పుణ్యమా అని. నెల్లూరు జిల్లాలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్లు పడితే, అందులో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే. మెట్ట మండలాల్లో ఇంకా తక్కువ. సంక్రాంతి ముగ్గు వేసిన రోజు నుంచి జూన్ దాకా ఆకాశం వంక చూసి లాభం లేదు. అందుకని వేసవి తోట పని ఇప్పుడే, స్వాతి కార్తె రాకముందే. పార, గడ్డపార అటక మీద నుంచి దించండి.

నన్ను కొత్తగా చదువుతున్నవాళ్లకి ఒక మాట. హైస్కూల్లో ముప్పయ్యేళ్లు సైన్సు చెప్పి రిటైరై, కలిగిరి దగ్గర మా అత్తగారి ఊళ్లో పన్నెండు సెంట్ల పెరడు చూసుకుంటున్నాను. ఎర్ర నేల, కింద గులకరాయి.

ప్రశ్న: టీచరమ్మగారూ, మాది ఐదు సెంట్ల స్థలం. అందులో వెయ్యి చదరపు అడుగుల మిద్దె. ఏప్రిల్ కల్లా బోరు గాలి కొడుతోంది. వాన నీళ్లకి 2,000 లీటర్ల ట్యాంకు కొనాలని మావారితో గొడవ పడుతున్నా. కొంటే వేసవిలో కూరగాయలు పండుతాయా?
– ఒక గృహిణి, కావలి

జవాబు: ముందు లెక్క చూద్దాం తల్లీ, పంతులమ్మ బుద్ధి పోదుగా. వెయ్యి చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే సెంటీమీటరు వానకి మీ మిద్దె మీద 930 లీటర్లు. చిందిపోయినవి, మిద్దె పీల్చుకున్నవి, మొదట మురికి కడిగి వదిలేసినవి అయిదో వంతు తీసేస్తే 740 చేతికొస్తాయి. మీ ట్యాంకు మూడు సెంటీమీటర్ల వానకి నిండి పొర్లుతుంది. వాయుగుండం పట్టిన రోజు మనకి మూడు సెంటీమీటర్లంటే ఎంతసేపు? పకోడీలు వేగేలోపు. ఆ మూడు నెలల్లో అర మీటరు వాన పడిందనుకుంటే మీ మిద్దె మీద నుంచి దిగేది 37 వేల లీటర్లు. అందులో రెండు వేలు దాచి మిగతా ముప్పయ్యయిదు వేలు వీధి కాలవకి అప్పజెబుతారన్నమాట.

ఇక ఖర్చు వైపు చూడండి. ఎండాకాలంలో సెంటు మడికి రోజుకి 200 లీటర్ల పైనే కావాలి. మీ ట్యాంకు పది రోజులకి ఖాళీ. మావారితో గొడవ అంటున్నారు గానీ, ఈ విషయంలో ఆయన పక్షమే నేను. ట్యాంకు వద్దనను, నారుమడికీ, మొక్కల పక్కన పాతే నీటి కుండలకీ ఉంటుంది. కానీ తోటని అది కాపాడదు.

కాపాడేది మట్టి. మా ఎర్ర నేలలాంటి దానిలో అడుగు లోతు మట్టి, మొక్క తాగగలిగిన నీరు అంగుళం దాకా పట్టుకుంటుంది. మూడడుగుల లోతు దాకా బాగా నానితే మూడంగుళాలు. సెంటు స్థలంలో అది మూడు వేల లీటర్లు! మీరు కొనబోయే ట్యాంకుకి ఒకటిన్నర రెట్లు, అదీ రూపాయి ఖర్చు లేకుండా, పాచి పట్టకుండా, దోమలు లేకుండా. నీళ్లని మూడడుగులు దిగనివ్వడమే మీ పని. మిద్దె గొట్టాన్ని వీధి వైపు కాకుండా పెరటి వైపు తిప్పించండి. గొట్టం పడే చోట నాలుగు రాళ్లు పేర్చండి, లేకపోతే మట్టి కోసుకుపోతుంది. గోడకి అయిదారడుగుల దూరం నుంచి మొదలుపెట్టి, మడుల మధ్య నడిచే దారినే అడుగు లోతు తవ్వి ఎండాకు, కొబ్బరి మట్టలు నింపేయండి. మీరు నడిచేది ఆ ఆకుల మీదే, నీళ్లు దిగేదీ అక్కడే. పునాదికి ఆనించి మాత్రం ఏ గుంతా తవ్వొద్దు, గోడ చెమ్మ పడుతుంది.

పశువుల ఎరువు ఇప్పుడే కలపండి. చెరువు మట్టి దొరికితే ఎర్ర నేలకి అంతకంటే గొప్పది లేదు గానీ, అది చెరువు ఎండిన మే నెలలో సంగతి. అప్పటికి ఒక ట్రాక్టరు మాట్లాడుకోండి.

రెండో సగం పని డిసెంబరు చివర. ఆఖరి వాన పడి, కలుపు పీకేసి, మట్టి ఇంకా చెమ్మగా ఉండగానే పైన నాలుగంగుళాల మందాన కప్పాలి. మా వైపు శనక్కాయ పొట్టు మిల్లు దగ్గర సంచుల్లెక్కన దొరుకుతుంది. మీకు వరిగడ్డి సులువేమో. ఎండిన మట్టి మీద ఏప్రిల్‌లో కప్పితే ఏం లాభం? దాచడానికి లోపల ఏమీ లేదు. ఇంకొకటి, మొక్క మొదలుకి నాలుగు వేళ్ల దూరం వదలండి. ఎర్ర నేలలో చెదలు ఊరుకోవు. నేను ఒక ఏడాది వంకాయ మొక్కల్ని మెడ దాకా పొట్టుతో కప్పి, ముద్దొస్తున్నాయని మురిసిపోయాను. నెల తిరిగేసరికి ఒక్కొక్కటే తలవాల్చింది. పీకి చూస్తే వేళ్ల చోట మట్టి గొట్టాలు!

ప్రశ్న: ఉదయగిరి కొండ కింద రెండెకరాల వాలు చేనులో నిమ్మ పెట్టాను. వాన పడితే నీళ్లతో పాటు మట్టీ పోతోంది. కందకాలు తీయమంటున్నారు. ఎటు తీయాలి, ఎంత తీయాలి?
– ఒక రైతు, ఉదయగిరి

జవాబు: ఎటు అన్నదే అసలు ప్రశ్న నాయనా. ఎటు తీయకూడదో నా దగ్గర నేర్చుకోండి.

మా పెరటి వెనక చేను కూడా వాలే. రిటైరు కాకముందు, సెలవుల్లో వచ్చి, కూలీలని పెట్టి చక్కగా గట్టు వెంబడి కందకం తీయించాను. దారం పట్టుకుని, గీత గీసినట్టు! చూసినవాళ్లందరూ బాగుందన్నారు. ఆ గట్టు పై నుంచి కిందికి దిగే గట్టని నాకు తట్టలేదు. 2015 నవంబరులో వానలు పట్టుకున్నాయి గుర్తుందా, నెల్లూరంతా నీళ్లలో మునిగిన ఏడాది. రెండో రాత్రికే నా కందకం వాగైపోయింది. తెల్లారి చూస్తే మా పైమట్టి, నేను పోయించిన ఎరువు, ముప్పై మునగ మొక్కల్లో సగం, అన్నీ కింద చేనులో మేట వేసి ఉన్నాయి. ఆ చేను ఆవిడ గొడవకి వస్తుందేమోనని భయపడుతూ వెళ్లాను. "ఇంత ఎరువు ఊరికే పంపావు, రవాణా ఖర్చు ఏమన్నా ఇయ్యాలా టీచరమ్మా?" అంది. ఆ ఏడాది ఆవిడ చేనులో సజ్జ ఏపుగా పెరిగింది.

కందకం వాలుకి అడ్డంగా, ఒకే మట్టంలో ఉండాలి. కంటికి మట్టంగా కనిపించేది మట్టం కాదు. మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ తెచ్చుకోండి. పారదర్శకంగా ఉండే సన్న గొట్టంలో నీళ్లు నింపి ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే చాలు. రెండు కొసల్లో నీళ్లు నేల నుంచి ఒకే ఎత్తులో నిలిచిన చోట్ల మేకులు కొట్టుకుంటూ పోండి. ఆ గీత వంకర టింకరగా వస్తుంది, కంగారుపడొద్దు. దారం పట్టుకుని దాన్ని సరిచేయాలనే ఆశని చంపుకోండి.

రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, పన్నెండడుగుల పొడవు. తర్వాత నాలుగడుగులు తవ్వకుండా వదిలి మళ్లీ ఇంకొకటి. తెంపులు ఎందుకంటే, ఎక్కడో ఒకచోట గట్టు తెగినా మొత్తం నీళ్లు అటు పరుగెత్తకుండా. కింద వరస కందకాలు పై వరస తెంపులకి ఎదురుగా రావాలి. తవ్విన మట్టి కింది వైపే వేయాలి, దాని మీద వట్టివేరు నాటాలి. పైవైపు వేస్తే ఆ మట్టి మొదటి వానకే మళ్లీ కందకంలోకి జారుతుంది. ఆ కొలతకి ఒక్కో కందకం వెయ్యి లీటర్లు పడుతుంది. వానాకాలంలో ఎనిమిది పది సార్లు నిండి ఇంకిందంటే లెక్క మీరే వేసుకోండి.

నిమ్మకి మాత్రం ఒక జాగ్రత్త. దాని వేళ్లు చెమ్మని కోరతాయి, నిలవ నీటిని ఓర్చవు. మొదట్లో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కందకం చెట్టుకి ఎగువన, కొమ్మల నీడ దాటాక ఉండాలి. నీళ్లు మట్టిలోంచి నడిచి చెట్టు దగ్గరికి రావాలి, చెట్టు నీళ్లలో నిలబడకూడదు.

వాలు చూసి నీళ్లని ఆపడం మన వైపు వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. కంభం వెళ్లినప్పుడు ఆ చెరువు కట్ట మీద నిలబడి చూడండి. రెండు కొండల మధ్య ఇరుకు ఎక్కడుందో కనిపెట్టి, గుండ్లకమ్మకి అక్కడే కట్ట వేశారు విజయనగరం కాలంలో. అంత చిన్న కట్ట వెనక అంత చెరువు! 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడం అని గుర్తింపు కూడా వచ్చింది.

ప్రశ్న: మాది నాగులుప్పలపాడు వైపు నల్లరేగడి. ఇంకుడు గుంత తవ్వితే నీళ్లు వారమైనా దిగలేదు. తప్పెక్కడుంది?

జవాబు: తప్పు మీది కాదు, నేలది. నల్లరేగడి తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది, అందులో ఇంకుడు గుంత అంటే కప్పలకి ఇల్లు కట్టివ్వడమే. దాన్ని పూడ్చేయండి. ఆ మట్టి తనంతట తనే ఎర్ర నేలకంటే రెట్టింపు చెమ్మ పట్టుకుంటుంది. మీ బాధ నీళ్లు పట్టడం కాదు, ఎండకి నెర్రెలు విచ్చి ఆ చీలికల్లోంచి చెమ్మ ఆవిరైపోవడం. సంక్రాంతి తర్వాత పది రోజులకోసారి పైన రెండంగుళాలు గుంటకతోనో, చిన్న పెరడైతే దోకుడు పారతోనో కదుపుతూ ఉండండి. పొడి మట్టి పొర నెర్రెల్ని మూసి ఉంచుతుంది. మొక్కలు ఎత్తు మడుల మీద పెట్టండి. చాలు.

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర ఇసుక నేల అక్కా. వాన పడిన గంటకే పడినట్టు కూడా ఉండదు. 120 అడుగులు బోరు వేయిస్తే ఉప్పు నీళ్లు. డబ్బులు పోయాయి. కొబ్బరి మొక్కలు ఎర్రబడుతున్నాయి.
– ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, నా పుట్టిల్లు కూడా సముద్రం ఒడ్డే, అందుకని ఈ ఉత్తరం చదివి కొంచెం బాధపడ్డాను. మీ తాతలు ఆ ఇసుకలో ఏం చేసేవాళ్లో మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా? దొరువు.

మా నాయన దొరువు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. ఇసుకలో పళ్లెంలా వాలుగా తవ్విన గుంట, ఎనిమిది తొమ్మిదడుగుల లోతు, అడుగున మోకాలెత్తు నీళ్లు. ఒక పక్క నడిచి దిగడానికి వాలు, ఇంకో పక్క ఎక్కడానికి. మా నాయన భుజాన కావడితో దిగి, ఆగకుండానే కొంచెం వంగేవాడు. రెండు కుండలూ ఒకేసారి బుడుంగుమని మునిగి నిండేవి. అదే నడకన రెండో వైపు ఎక్కి మిరప నారు మడుల మధ్య నడుస్తూ రెండు చేతులతో కుండలు వంచి చిలకరించేవాడు. పొద్దున్నే ఆ కాళ్ల గుర్తులు ఇసుకలో ఒకదాని మీద ఒకటి, వందల జాడలు ఒకే దారిలో. ఉప్పు సముద్రం అక్కడే కనిపిస్తూ ఉండేది. నీళ్లు తీపి.

తీపి ఎందుకంటే, మీ ఇసుకలో వాన మాయం కాలేదు. నేరుగా కిందికి దిగి, లోపలున్న ఉప్పు నీటి మీద నూనెలా తేలుతూ ఉంది. మంచి నీరు తేలిక, ఉప్పు నీరు బరువు. మీ బోరు ఆ తీపి పొరని దాటుకుని కిందికి పోయి, ఉప్పు పొరలో గొట్టం పెట్టింది. తీపి పొరని పై నుంచి మీగడ తీసినట్టు తీసుకోవాలి. పెద్ద మోటారుతో గబగబా లాగితే కింది ఉప్పు పైకి ఉబుకుతుంది, ఒకసారి ఉబికితే తొందరగా మళ్లీ మామూలవదు. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు దీన్నే బాగుచేశారు. లోతుకి పోకుండా, నీటి మట్టం కింద చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, వాటన్నిటినీ మధ్యలో ఒక బావిలోకి కలుపుతారు. నీరు అన్ని వైపుల నుంచీ మెల్లగా చేరుతుంది, చిన్న మోటారు సరిపోతుంది. ఆ బోరుని మూయించేయండి. దానితో తడిపిన ప్రతి రోజూ ఆ ఉప్పు మీ పాదుల్లోనే మిగులుతుంది. ఈ వానలకి పాదులు వెడల్పు చేసి నీళ్లు నిండా నిలబెట్టండి, ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది. కొబ్బరి మొండిది, తేరుకుంటుంది.

ప్రశ్న: మీరు చెప్పినట్టే కుండలు పాతాను. మొదటి నెల బాగా పనిచేశాయి. తర్వాత నాలుగు రోజులైనా కుండలో నీళ్లు తగ్గట్లేదు, మొక్కలు మాత్రం వాడుతున్నాయి.
– పొదిలి

జవాబు: మీరు పోసింది బోరు నీళ్లు కదూ? ఆ నీటిలోని సున్నం కుండ రంధ్రాల్ని పూడ్చేసింది. బయటికి తీసి, కొబ్బరి పీచుతో లోపలా బయటా గట్టిగా తోమి, పలచటి నిమ్మ ఉప్పు నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, కడిగి ఎండబెట్టండి. నేను ట్యాంకులో దాచే వాన నీళ్లు ముఖ్యంగా ఈ కుండలకే.

కొత్తగా పెట్టేవాళ్లకి: రంగు వేసినవి, మెరిసేవి వద్దు. కుమ్మరి దగ్గర మూతి పగిలినవి సగం ధరకిస్తారు, మనకి మూతితో పనేముంది? నీళ్లు పోసి ఒక గంట ఉంచితే బయట చెమట పట్టాలి. అదే పరీక్ష. ఎనిమిది పది లీటర్లది మెడ దాకా పాతి, చుట్టూ జానెడు దూరంలో మూడు దోస గింజలో, బీర గింజలో పెట్టండి. పైన మూకుడు బోర్లించండి, లేకపోతే తొండలు పడి చస్తాయి. కుండ చుట్టూ మట్టి సందు లేకుండా అదమాలి. సందు ఉంటే చెమ్మ మట్టికి అందదు. రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు. పాదు పీకినప్పుడు చూడండి, వేళ్లు కుండని వలలా చుట్టుకుని ఉంటాయి. తోటకూర, మెంతికూర లాంటి ఒత్తు మడులకి మాత్రం కుండ పనికిరాదు.

ప్రశ్న: మాది కనిగిరి పక్క పల్లె. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మిద్దె నీళ్లు తాగొచ్చా? కాచి తాగితే బోరు నీళ్లే సరిపోతాయని ఒకాయన అన్నాడు.

జవాబు: ఆయన మాట వినొద్దు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఈ జబ్బుని దేశంలో మొదట గుర్తించిందే మన మెట్టలో, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఎనభై ఏళ్లు దాటినా ఇంకా ఇదే ప్రశ్న అడగాల్సి రావడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు కాబట్టి నిరభ్యంతరంగా వాడుకోండి. మిద్దె కడిగి, మొదటి రెండు వానలు వదిలేసి, ఇసుక, బొగ్గు, కంకర పోసిన తొట్టి గుండా పంపి, వెలుతురు సోకని ట్యాంకులో నింపండి. ఈ నీళ్లని మాత్రం క్రిముల కోసం కాచే తాగండి. సిమెంటు రేకుల ఇల్లయితే ఆ నీళ్లు తోటకే, తాగడానికి వద్దు. ఇంట్లో నలుగురికి తాగడానికీ వంటకీ రోజుకి 20 లీటర్లు అనుకుంటే, వేసవి అయిదు నెలలకి మూడు వేల లీటర్లు. చూశారా, కావలి ఆవిడకి తోటని కాపాడదన్న ట్యాంకే మీకు తాగడానికి కొనమంటున్నాను.

ప్రశ్న: పంట కుంటకి షీటు వేయించాను. రెండో ఏడాదికే చిరిగింది. అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు.

జవాబు: నాకూ అయింది, నా అనుభవంలోనూ ఫోన్ ఎత్తలేదు. షీటు మందం 500 మైక్రాన్లకి తక్కువైతే కొనకండి, బిల్లు మీద ఆ అంకె రాయించండి. చుట్టూ కంచె లేకపోతే మేక గిట్టలకి ఏ షీటూ ఆగదు. ఇంకో సంగతి, వేసవిలో తెరిచి ఉన్న కుంటలోంచి రోజుకి ఏడెనిమిది మిల్లీమీటర్లు ఎండే తాగేస్తుంది, నెలకి దాదాపు ముప్పావు అడుగు. వెడల్పు తగ్గించి లోతు పెంచితే నష్టం తగ్గుతుంది.

ప్రశ్న: ఇన్ని చెబుతారు గదా, ఈ మే నెలలో మీ పెరట్లో నిజంగా ఏం మిగిలిందో చెప్పండి టీచరమ్మా.
– మీ పాత విద్యార్థి, వింజమూరు

జవాబు: క్లాసులో కూడా నువ్వు ఇలాగే అడిగేవాడివి అయ్యుంటావు. నోటుపుస్తకం తీసి చూసే చెబుతున్నా. మునగ రెండు చెట్లు, కరివేపాకు, గోరుచిక్కుడు ఒక వరస బాగున్నాయి. దొండ పాదు కాపు ఆపేసింది గానీ చావలేదు. వంగ పదిలో నాలుగు. గోంగూర ముదిరి కట్టె అయింది. టమాటా పూత మొత్తం ఏప్రిల్ ఎండకే రాలిపోయింది, నీళ్లు చాలక కాదు, ఆ వేడికి అది నిలవదు. జూన్ దాకా అంగట్లోనే కొన్నాను. కుండల దగ్గర నాలుగు దోస పాదులు మాత్రం రోహిణి కార్తెలో కూడా కాశాయి. రోళ్లు పగిలే ఎండలో, పొట్టు పక్కకి తోసి చూస్తే కింద మట్టి చల్లగా, వేలికి అంటుకునేలా ఉంది. ఆఖరి కాయ జూన్ 3న కోసి పప్పులో వేశాను. కొంచెం చేదుగా ఉంది.